తాళం వేసే యంత్రానికి చెవులున్నాయా?

బాలలూ! ఈసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు పెళ్ళికొడుకును కాదు, డోలు వాయించే ఆయన కళ్ళను గమనించండి. చేతులు డోలు మీద ఉంటాయి, చూపు పురోహితుని మీద ఉంటుంది. పురోహితుడు చెయ్యెత్తి సైగ చేయగానే, అంతవరకు నెమ్మదిగా సాగిన మేళం ఒక్కసారిగా గట్టిమేళం అవుతుంది. మూడు ముళ్ళూ పడేదాకా ఆ జోరు తగ్గదు. ఆ క్షణం ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో ముందుగా ఎవరూ కొలిచి చెప్పలేరు. ఆయన చూసి, విని వాయిస్తాడు. మరి ఆ పని యంత్రం చేయగలదా?

విజయవాడలో దసరాకు, వినాయకచవితికి పందిళ్ళలో పాడే ఆర్కెస్ట్రాలను మీలో చాలామంది చూసే ఉంటారు. తాళం వేసే యంత్రాలలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది రిథమ్ ప్యాడ్. దానిని మనిషే కొడతాడు, ధ్వని మాత్రం యంత్రానిది. రెండవది డ్రమ్ మెషీన్. దరువు అమర్చి మీట నొక్కితే తనంతట తానే మోగుతుంది. 1980లో జపాన్‌లోని రోలాండ్ సంస్థ తయారుచేసిన టి.ఆర్-808 వీటిలో పేరుపొందినది. 1983లో ‘మిడి’ అనే ఉమ్మడి సంకేత భాష వచ్చింది. దానితో వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదాని మాట మరొకటి అర్థం చేసుకోగలిగాయి.

కొన్నేళ్ళ క్రితం మా బడి వార్షికోత్సవంలో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి పాట పాడింది. తాళానికి యంత్రం పెట్టాం. నిమిషానికి 120 దెబ్బలు, అంటే దెబ్బకు అరసెకను. అమర్చినవాణ్ణి నేనే. రెండో చరణంలో ఊపిరి అందక ఆ పిల్ల ఒక్క దెబ్బసేపు ఆగింది. యంత్రం ఆగలేదు. ఇక పాటకూ తాళానికీ పొత్తు కుదరలేదు. ఏడుస్తూ వేదిక దిగింది. ‘పిల్ల తాళం తప్పింది’ అన్నారందరూ. తప్పు నాది. పక్కన తబలా వాయించే మనిషి ఉంటే, ఆ ఒక్క దెబ్బ సర్దుకొని ఆమెను కలుపుకొని పోయేవాడు. వినేవారికి తెలిసేదే కాదు.

‘వినే యంత్రాలు లేవా మాస్టారూ?’ అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. గొంతునో, గిటారు తీగనో విని, స్వరం ఏదో గుర్తించి, దానిని మిడి సంకేతంగా మార్చే సాధనాలున్నాయి. గొంతుతో పాడితే సన్నాయి ధ్వని వినిపించవచ్చు. కాని ఒక చిక్కుంది. స్వరాన్ని గుర్తించాలంటే దాని కంపనాలను కొలవాలి. సెకనుకు 100 కంపనాల మంద్రస్వరంలో ఒక కంపనానికి సెకనులో నూరో వంతు పడుతుంది. రెండు కంపనాలు వినాలంటే యాభయ్యో వంతు. ఆ కాలంలో గాలిలో శబ్దం దాదాపు 7 మీటర్లు పోతుంది. అంటే ఆ వాద్యం మీకు 7 మీటర్ల దూరాన మోగినట్టు ఆలస్యమవుతుంది. కంప్యూటర్ ఎంత వేగమైనదైనా ఇంకా పుట్టని కంపనాన్ని కొలవలేదు కదా!

ఇంకొకటి. మిడిలో స్వరాలకు 0 నుంచి 127 వరకు అంకెలుంటాయి. అవి మెట్లవంటివి. మన గమకం మెట్ల మీద ఆగదు, మధ్యలో జారుతూ ఊగుతుంది. ఆ జారుడును తెలిపే సంకేతాలు వేరుగా ఉన్నాయి. వాటిని జాగ్రత్తగా వాడకపోతే గమకం గంతులైపోతుంది.

అలాగని యంత్రాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. గమకాలు పలకవన్న అభ్యంతరంతోనే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించింది. అయినా మన పద్యనాటక వేదిక మీద అది నిలిచింది. ఎందుకు? నటుడు రాగం ఎంతసేపు తీస్తే అంతసేపు హార్మోనిస్టు అతని వెంటే నడుస్తాడు. మెట్లు పెట్టెవి, చెవులు మనిషివి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. సాధనకు యంత్రం మంచి నేస్తం. అది అలసిపోదు, విసుక్కోదు, మన తప్పును ఉన్నదున్నట్టు చూపుతుంది. సభలో మాత్రం తాళం మనిషి చేతిలో ఉండాలి. రిథమ్ ప్యాడ్ అయినా సరే, కొట్టేది మనిషి కావాలి. ఖర్చు కలిసివస్తుందని గట్టిమేళాన్ని కూడా ఫోను నుంచి స్పీకరులో వేసేవారున్నారు. ఆ డబ్బు మిగలవచ్చు. కాని డోలు పట్టే ఇంటి పిల్లవాడికి, సైగ చూసి వాయించే విద్య నేర్చుకునే చోటు ఒకటి తగ్గిపోతుంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఫోనులో తాళం పెట్టుకొని పాడుతూ, మధ్యలో కావాలని ఒక దెబ్బ ఆగండి. తరువాత మీ స్నేహితుణ్ణి చప్పట్లతో తాళం వేయమని, అదే పాట పాడుతూ అలాగే ఆగండి. మీ కోసం ఎవరు ఆగారో మీకే తెలుస్తుంది.