చదువరి నోట – 11: హంతకుడెవరో వాడకంతా తెలుసు



"ఈసారి కొంచెం తేలికైనది రాయండి" అని మా విద్యార్థులు కొందరు అడిగారు. సరే, డిటెక్టివ్ నవలల గురించి రాస్తున్నాను. తేలికగా ఉంటుందని మాత్రం మాట ఇవ్వలేను.

ముందే చెప్తున్నా, నేను ఈ నవలల్ని ఇష్టంగా చదువుతాను. తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డీ అయ్యాక కూడా చదువుతున్నాను. మా నాయన మహానంది అరటితోటల్లో గెలలు మోసేవాడు. లారీతో పాటు నంద్యాల పోయినప్పుడల్లా బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపు నుంచి నాకు ఒకటో రెండో తెచ్చేవాడు. ఆయనకు అక్షరం రాదు. అట్ట మీద పిస్తోలు బొమ్మ ఉంటే అది నాకు కావలసిన పుస్తకమని గుర్తు. సగం పుస్తకాలకు చివరి పేజీలు ఉండేవి కావు. అయినా చదివేదాన్ని.

సాహిత్య శాఖల్లో వీటిని చౌకబారు సరుకు అంటారు. ఆ మాట నేననను. కొమ్మూరి సాంబశివరావు (1926–1994) మద్రాసులో ఒక డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ నిలబెట్టి, పొట్టి వాక్యాలతో, ఊపిరి సలపనివ్వని కథతో లక్షల మందిని చదివించాడు. మధుబాబు షాడో కోసం మా వాడ పిల్లలు వంతులు వేసుకున్నారు. పాఠ్యపుస్తకం ముట్టనివాళ్ళు ఒక్క రాత్రిలో రెండొందల పేజీలు నమిలేశారు. ప్రబంధం మాకు చదువంటే భయం నేర్పితే, షాడో చదివే వేగం నేర్పాడు. ఆ రుణం ఒప్పుకోవాలి.

కాబట్టి నా తగాదా స్థాయి మీద కాదు. ఎవరి చావు మిస్టరీ అవుతుంది, ఎవరిది కాదు అన్న దాని మీద.

కొమ్మూరి నవల ఒకదాని పేరు 'లక్షాధికారి హత్య'. ఆ పేరులోనే సంగతంతా ఉంది. ఈ నవలల్లో శవం బంగళాలో దొరుకుతుంది. వీలునామా ఉంటుంది, ఇనప్పెట్టె ఉంటుంది, ఆస్తి కోసం కాచుకున్న మేనల్లుడు ఉంటాడు. ఇంటిపేరు లేని ఒక నౌకరు కూడా ఉంటాడు. మొదటి అనుమానం వాడి మీదే. తర్వాత డిటెక్టివ్ వచ్చి, వాడు అమాయకుడని తేల్చి, అసలు దొంగను పట్టుకుంటాడు. పాఠకుడు చప్పట్లు కొడతాడు. నౌకరు కృతజ్ఞతతో కాళ్ళ మీద పడతాడు. మరి పోలీసులు వాడిని మొదటే ఎందుకు పట్టుకున్నారు? ఆ ప్రశ్న ఏ యుగంధరూ అడగడు. పేదవాడి మీద అనుమానం ఈ కథల్లో ఉచితంగా దొరికే ముడిసరుకు.

ఆ అనుమానం రచయితలు పుట్టించింది కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఫలానా తెగలో పుడితే చాలు, నేరస్థుడే. 1913లో స్టువర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. ఇదే నల్లమల అంచున, ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలోనూ అలాంటి సెటిల్మెంటు ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం పోయింది. అది నేర్పిన చూపు పోయిందా? 1991లో ఒకే ఏడాది స్టువర్టుపురం పేరు పెట్టుకుని రెండు సినిమాలొచ్చాయి. 2023లో టైగర్ నాగేశ్వరరావు మీద ఇంకో పెద్ద సినిమా వచ్చింది. ఊరు పేరే నేరం పేరుగా అమ్ముడుపోతూ ఉంటే, ఆ ఊరి పిల్ల ఉద్యోగం దరఖాస్తులో తన ఊరు పేరు ఏ ధైర్యంతో రాయాలి?

డిటెక్టివ్‌కు ప్రాణమైన వేలిముద్ర సంగతి కూడా చూడండి. 1897లో కలకత్తాలో పెట్టిన వేలిముద్రల బ్యూరో ప్రపంచంలోనే మొదటిది అంటారు. గర్వంగా చెప్పుకుంటాం. 1911 చట్టం మాత్రం ఏ నేరమూ చెయ్యని తెగల మనుషుల నుంచి కూడా వేలిముద్రలు తీసుకునే అధికారం ఇచ్చింది. నవలలో వేలిముద్ర హంతకుణ్ణి పట్టిస్తుంది. మా ఇళ్ళలో అది అప్పు కాగితం మీద పడి భూమిని పట్టుకుపోయింది. ఒకే బొటనవేలు, రెండు కథలు. తెలుగు థ్రిల్లరుకు మొదటిదే తెలుసు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 'హంతకుడెవరు?' అన్న ప్రశ్న మీద ఈ నవలలన్నీ నడుస్తాయి. ఆ ప్రశ్న అడగగలగడమే ఒక భాగ్యం. హంతకుడి పేరు తెలిస్తే చాలు, శిక్ష దానంతటదే పడుతుందని నమ్మేవాళ్ళ ప్రశ్న అది.

నా చిన్నప్పుడు మా పక్క పల్లెలో ఒక పాలేరు బావిలో తేలాడు. కూలి బాకీ అడిగిన మూడో రోజది. కాలుజారి పడ్డాడని కాగితాల్లో రాశారు. ఆ మనిషి ఎవరనుకున్నారు? ఊళ్ళో ఎవరి బావిలో చేద పడిపోయినా మునిగి తీసేవాడు. ఈతలో ఆయన్ను మించినవాడు లేడు. ఇంత తేటగా కనిపించే ఆధారం ఏ డిటెక్టివ్ కంటా పడలేదు, ఎందుకంటే ఏ డిటెక్టివూ రాలేదు. మా జేజి ఒక్కటే మాటంది: "ఎవురు సేసినారో అందురికీ తెల్సు. సెప్పేటోడే ల్యాడు."

మహానంది కోనేట్లో అడుగున పడిన పైసా బిళ్ళ కూడా పైకి కనిపిస్తుంది. మా పల్లెల్లో నేరం కూడా అంత తేటే. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను ఎవరు చంపారో ఊరికి తెలుసు. 1998 జూలైలో మా జిల్లా వేంపెంటలో తొమ్మిది మంది దళితుల ప్రాణాలు ఎవరు తీశారో వాడకు తెలుసు. 1991 ఆగస్టు 6న చుండూరులో పట్టపగలు పొలాల్లో వెంటాడి, ఎనిమిది మందిని చంపి, శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. పదహారేళ్ళు పోరాడితే 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చచ్చిన సమయం తేలలేదంది, చంపిన చోటు తేలలేదంది, చంపినవాళ్ళెవరో తేలలేదంది.

ఎనిమిది శవాలు, ఒక్క హంతకుడూ లేడు. ఇదీ మిస్టరీ అంటే. మన థ్రిల్లరు రచయితలు దీన్ని ముట్టుకోరేం?

మా మిస్టరీ హత్యతో ఆగదు, అక్కడే మొదలవుతుంది. ఫిర్యాదు కాగితం ఏ బల్ల కింద పడింది? అట్రాసిటీ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చెయ్యాలని 1995 నిబంధనలు చెప్తుంటే, ఆ పని ఇంకెవరి చేతిలోకి ఎలా జారింది? అరవై రోజుల్లో వెయ్యాల్సిన ఛార్జిషీటు ఎందుకు రాలేదు? నిన్న కళ్ళారా చూశానన్న సాక్షి ఈరోజు బోనులో ఎందుకు తల దించుకున్నాడు? అతనికి కూలి ఇచ్చే చెయ్యి ఎవరిది? ఒక్కో ప్రశ్నా ఒక్కో నవల. ఉత్కంఠ కావాలంటే సాక్షి ఇంటి నుంచి కోర్టు దాకా ఉన్న బస్సు ప్రయాణం రాయండి. చదివేవాడికి ఒళ్ళు చెమట పడుతుంది.

భయపెట్టే నవలల గురించీ ఒక మాట. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి రాష్ట్రాన్ని ఊపేసింది. బలే రాశాడు, కాదనను. కానీ ఆపద ఎవరికి? బంగళాలో పాపకు. ఆపద ఎటునుంచి? అడవిలో కాద్రా అనే మంత్రగాడి నుంచి. రంగనాయకమ్మ అప్పుడే 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని పుస్తకమే రాసింది. మూఢనమ్మకాన్ని అమ్ముతున్నారని ఆమె కోపం. దానికి నేను ఇంకొకటి కలుపుతాను. అదే దశాబ్దంలో మెదక్ పల్లెల్లో బాణామతి నెపంతో మనుషుల్ని కట్టేసి కొట్టారు, పళ్ళు ఊడబీకారు, చంపారు. వాళ్ళలో బంగళావాళ్ళు ఎవరూ లేరు. ఆ నవల వల్లే అది జరిగిందని నేననను, బాణామతి భయం నవల కంటే పాతది. పత్రికలో చదివి వణికినవాళ్ళకు అది వినోదం, చెట్టుకు కట్టేసినవాడికి ప్రాణం. ఆ తేడా కనపడని భయానక సాహిత్యం నాకు అక్కర్లేదు.

"సరదాగా చదివేదాంట్లో కూడా కులమేనా మేడమ్?" అంటారు. నౌకరును అనుమానించినప్పుడు సరదాలోకి కులం రాలేదా? మంత్రగాణ్ణి అడవి నుంచి తెచ్చినప్పుడు రాలేదా? అది ముందే వచ్చి కూర్చుంది. నేను పేరు పెట్టి పిలిచాను, అంతే.

ఈ నవలలు ఆపేయమనడం లేదు. నీతిబోధ కూడా నాకొద్దు. ఉపన్యాసం దంచే థ్రిల్లరును మూడో పేజీలోనే మూసేస్తాను. వేరే దారి ఉందని చెప్తున్నాను. అమెరికాలో చెస్టర్ హైమ్స్ జైల్లో రాయడం మొదలుపెట్టి, 1957 నుంచి హార్లెం వీధుల్లో ఇద్దరు నల్లజాతి డిటెక్టివ్‌లను నడిపించాడు. వాల్టర్ మోస్లీ 1990 నవలలో ఈజీ రాలిన్స్ సాహసం కోసం కేసు పట్టడు. ఉద్యోగం పోయింది, ఇంటి అప్పు కంతు కట్టాలి, అందుకు పడతాడు. ఆ కంతు భయం మనకు తెలియనిదా?

అంత దూరం కూడా వద్దు. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ ఎం. చంద్రకుమార్ 'లాకప్' రాశాడు. పని కోసం వచ్చిన కుర్రాణ్ణి చెయ్యని దొంగతనం ఒప్పుకోమని చావగొట్టిన కథ. అది ఆయన అనుభవం, జరిగింది మన గుంటూరులో. వెట్రిమారన్ దాన్ని 'విసారణై' సినిమా తీస్తే భారతదేశం తరఫున ఆస్కార్‌కు పంపారు. మన లాకప్పు కథను తమిళుడు రాయాల్సి వచ్చింది. నౌకరు వైపు నుంచి రాసిన థ్రిల్లరు అది. అందులో యుగంధర్ రాడు. దెబ్బలు ఎప్పుడు ఆగుతాయన్నదే అక్కడి ఉత్కంఠ.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో రాసేవాళ్ళున్నారని నాకు తెలుసు. యుగంధర్ దగ్గర పొట్టి వాక్యం తీసుకోండి, షాడో దగ్గర వేగం తీసుకోండి. బంగళా వదిలేయండి. మీ మండలంలో కొట్టేసిన ఒక్క అట్రాసిటీ కేసు తీర్పు సంపాదించి, మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవండి. ఏ సాక్షి ఎక్కడ జారాడో గుర్తు పెట్టుకోండి. హంతకుడి పేరు మొదటి వాక్యంలోనే రాసెయ్యండి. ఆ పేరు తెలిసీ ఊరు ఊరంతా ఎలా నోరు మూసుకుందో మిగిలిన రెండొందల పేజీల్లో చెప్పండి.

జై భీమ్.