లింకు మొదటి కామెంట్లో

కథ రాసినా, వ్యాసం రాసినా, పుస్తకం వేసినా ఫేస్‌బుక్‌లో తెలుగువాళ్లది ఒకటే పాట: "లింకు మొదటి కామెంట్లో ఉంది." ఈ వారం ఆ ముక్క ఎన్నిచోట్ల చూశానో! పోస్టులోనే లింకు పెడితే ఫేస్‌బుక్ దాన్ని పదిమందికీ చూపించదని మనవాళ్ల నమ్మకం. శకునం చూసుకుని గడప దాటినట్టు అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.

నాకు తెలిసిన రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆదివారం పొద్దున్నే కూర్చుని రెండు పేజీలు చక్కగా రాసి బ్లాగులో పెడతారు. అక్కడితో ఆగితే గొడవే లేదు. దాన్నే కుదించి ఫేస్‌బుక్‌కి, ముక్కలు కోసి ఎక్స్‌కి, మంచి వాక్యం ఒకటి ఏరి పూలబొమ్మ మీద వేసి ఇన్‌స్టాగ్రామ్‌కి, అదే బొమ్మ వాట్సాప్ స్టేటస్‌కి. ఆ బొమ్మలు చేసే యాప్‌లో ఒత్తులు విడిపోతాయి. దానికోసం ఇంకో ఫాంటు వెతుక్కోవాలి. ఎక్స్‌లో మరో తంటా. డబ్బు కట్టనివాళ్లకు 280 అక్షరాలు అంటారు గానీ, మన గుణింతం గుర్తులూ పొల్లులూ అక్కడ దేనికది లెక్క. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, ఎక్స్‌కి ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. లెక్కల మాస్టారు కాబట్టి ఓపిగ్గా కూడుకుంటారు. రాయడానికి గంట, పంచడానికి పూట. ఆ తర్వాత ఎవరు లైకు కొట్టారో, ఎవరు చూసి కూడా కొట్టలేదో రాత్రిదాకా ఆరా. పై ఆదివారానికి ఆయన దగ్గర రాయడానికేమీ ఉండటం లేదు. ఎందుకుంటుంది? వారమంతా చదివిందేమీ లేదుగా!

ఇదంతా కట్టిపెట్టండి మాస్టారూ అన్నాను. రాత ఒక్కచోటే ఉండాలి, అది బ్లాగు. ఫేస్‌బుక్‌లో రెండు వాక్యాలు రాసి, లింకు పోస్టులోనే పడేసి వచ్చేయండి. మిగతా యాప్‌లు ఫోన్లోంచి తీసేయండి. అడిగినవాళ్లకు ఈమెయిల్లో పంపండి. "అట్లా అయితే ఎక్కువమందికి చేరదు కదండీ" అన్నారు. చేరకపోతే పోయె. కవితా సంపుటి ఐదొందల కాపీలేసి అందులో సగం ఊరికే పంచిపెట్టుకునే జాతి మనది; ఇప్పుడు కొత్తగా లక్షల మీద ఆశ ఎందుకు?

'లేఖిని' సైటులో తెలుగు టైపు చేసుకుని, బ్లాగులన్నిటినీ ఒక్కచోట చూపించే 'కూడలి' తెరిచి చూసుకున్న రోజులు మా తరం బ్లాగర్లకు గుర్తే. ఎవరు ఏం రాశారో, రాసిన వరసలో కనిపించేది. ఎవర్ని పైకెత్తాలో, ఎవర్ని తొక్కాలో లెక్కగట్టే యంత్రం లేదు. ఎవరూ వెళ్లగొట్టకుండానే మనమే మూటాముల్లె సర్దుకుని ఫేస్‌బుక్కి వెళ్లిపోయాం. అద్దె ఇళ్ల సంగతి ఈపాటికి తెలియాల్సింది. గూగుల్ రీడర్‌ని 2013 జూలైలో ఎత్తేశారు. ఆర్కుట్‌ని 2014 సెప్టెంబరులో మూసేశారు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్లో పోయింది. కాస్త పొడుగ్గా రాసుకోవడానికి పనికొచ్చిన ఫేస్‌బుక్ నోట్స్‌లో 2020 అక్టోబరు తర్వాత కొత్తది రాయడానికే వీల్లేదు. మన బ్లాగులుండే 'బ్లాగర్' కూడా గూగుల్‌దే కదా అని తెలివైనవాళ్లు అడుగుతారు. అవును, 2003లో కొన్నది. అయినా అక్కడ పాత రాతలు పక్కనే ఏడాదులూ నెలల వరసలో పేర్చి ఉంటాయి, కావాలంటే మొత్తం ఫైలుగా దించుకోవచ్చు. 2015లో ఫేస్‌బుక్‌లో మీరు రాసిన పుస్తక సమీక్షను ఇవాళ వెతికి పట్టుకోండి చూద్దాం.

1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టిన 'భారతి' పత్రిక పాత సంచికల్ని మాత్రం స్కాన్ ప్రతుల్లో ఇంట్లో కూర్చుని చదువుకోగలుగుతున్నాం. ఏ సర్వరు దాచింది వాటిని? కాగితాన్ని చెదపురుగు నుంచి కాపాడిన గ్రంథాలయాలు, సొంత బీరువాల్లో దాచుకున్న పాఠకులు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు లేకపోతే మన పాత పత్రికల్లో సగం పొట్లాలు కట్టడానికి పోయేవి.

అసలు కడుపుమంట ఇక్కడ. గ్రంథాలయాల కోసమని ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు మన దగ్గర వసూలు చేస్తున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే. పన్ను మనం కడతాం, మునిసిపాలిటీలు వసూలు చేసుకుంటాయి, గ్రంథాలయ సంస్థకు జమచేయాల్సి వచ్చేసరికి బకాయి! ఏ ప్రభుత్వం వచ్చినా ఇదే వరస. ఇచ్చింది కరెంటు బిల్లుకీ దినపత్రికలకీ సరి. ఈసారి ఇంటిపన్ను రసీదు చేతికొచ్చినప్పుడు లైబ్రరీ సెస్సు అన్న గడి చూడండి. తర్వాత మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి, ఈ ఏడాది కొత్త పుస్తకాలు ఎన్ని వచ్చాయో లైబ్రేరియన్‌ని అడగండి. ఆ పోస్టులో మనిషంటూ ఉంటే.