రాట్నం పక్కన మీకో పీట

ఆబిడ్స్, నాంపల్లి, కోఠీ, జాంబాగ్, బేగంబజారు ఇరుగుపొరుగు వారందరికీ.

మొజంజాహీ మార్కెట్‌కు నాలుగడుగుల దూరంలో ఓ పాత ఇంటి వరండా ఉంది. ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా మేం తొమ్మిదిమందిమి అక్కడ చాపలు పరుచుకుని కూర్చుంటాం. మధ్యలో ఒక పెట్టె రాట్నం, లేసు సూదులు దాచిన బిస్కెట్ డబ్బా, పాత చీరలతో సగం కుట్టిన బొంత ఉంటాయి. ఒకరికి వచ్చిన పని ఇంకొకరికి చూపిస్తాం. రుసుము లేదు, పరీక్ష లేదు. అయితే మా తొమ్మిదిమందిలో పని బాగా తెలిసినవాళ్లు ముగ్గురే. ముగ్గురూ డెబ్భై దాటినవాళ్లే. వాళ్ల చేతుల్లో ఉన్నది మా చేతుల్లోకి పూర్తిగా రాకముందే ఆ చాప ఖాళీ అవుతుందేమోనన్న దిగులుతో మీకు ఈ విజ్ఞప్తి చేస్తున్నాం.

ఆ ముగ్గురిలో ఒకామె నర్సాపురం దగ్గరి పల్లె నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. మేమంతా పెద్దమ్మ అంటాం. అ ఆలు దిద్దే వయసులోనే ఆమె చేతికి లేసు సూది వచ్చిందట. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ఒడ్డున నేర్పిన ఈ అల్లిక వేల ఇళ్లలోకి పాకింది. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే ఆ అల్లికల వెనక ఉన్న చేతుల మాట అంతకు నలభై ఏళ్ల ముందే ఒకరు పట్టించుకున్నారు. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ లేసు అల్లే ఆడవాళ్ల గురించి పుస్తకం రాసింది. గంటల తరబడి అల్లుతున్నా వాళ్లను పనివాళ్లుగా కాక, తీరిక వేళ ఏదో చేసుకునే ఇల్లాళ్లుగా చూడటం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని అందులో చూపించింది. మా పెద్దమ్మ ఆ పుస్తకం చదవలేదు. కానీ అల్లడం తప్ప ఆ లేసు ఎక్కడికి పోయేదో, ఎంతకు అమ్ముడయ్యేదో తనకు ఎవరూ చెప్పలేదని మాతో అంది.

రెండో ఆమె శ్రీకాకుళం వైపు మనిషి. చిన్నప్పుడు పొందూరులో బంధువుల ఇంట వడకడం నేర్చుకుంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ల మధ్య నుంచి పీచు చెత్త వదిలి, తీరుగా బయటికొస్తుంది. తరువాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు నూలు ఒక్క గ్రాము తూచితే దాదాపు 170 మీటర్ల పొడవుంటుంది. ఈ లెక్క వినడం వేరు, చేత్తో తెలియడం వేరు. మొదటి ఆదివారం నేను తీసిన దారం జానెడు కూడా సాగకుండా తెగిపోయింది. ఒకచోట కొబ్బరి తాడులా, ఇంకోచోట సాలెపోగులా వచ్చింది. ఆమె నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, ఎడమ చేతిని ఎంత మెల్లగా వెనక్కి లాగాలో చూపించింది. తెగిన కొసను ముడివేయబోతే వద్దంది. కొసను ఏకు మీద ఆనించి చక్రం తిప్పమంది. పురి పడగానే రెండూ ఒకటైపోయాయి. ఏ వీడియో చూసినా ఆ ఒత్తిడి నాకు తెలిసేది కాదు.

మూడో ఆమెను ఖాలా అంటాం. పుట్టి పెరిగింది నాంపల్లిలోనే. కొడుకుల, మనవళ్ల పాత బట్టలన్నీ ఆమె చేతిలో బొంతలయ్యాయి. ఏ ముక్క పక్కన ఏ ముక్క వేయాలో ఆమె ముందుగా గీసుకోదు. నేల మీద పరిచి, కాసేపు చూసి, రెండు ముక్కలు అటూ ఇటూ మారుస్తుంది. తెలుగు మాట తట్టకపోతే ఉర్దూలో చెబుతుంది. అదీ చాలకపోతే సూది చూపిస్తుంది. మాకు ఇంతవరకూ అర్థం కాని మాట లేదు.

ఇలా మూడు వైపుల నుంచి వచ్చిన పనులు ఒకే చాప మీద కలవడం ఈ ఊళ్లోనే సాధ్యం. ఏడో నిజాం తన కొడుకు మొజంజా పేరు పెట్టిన ఈ రాతి మార్కెట్ 1935 నాటిది. పళ్లకు, పూలకు, అత్తరుకు, పాన్‌దాన్‌లకు ఇక్కడికి రాని ఇల్లు ఉండేది కాదు. శిథిలమవుతున్న దాన్ని మరమ్మతు చేసి 2020లో మళ్లీ తెరిచారు. మార్కెట్ వచ్చిన మూడేళ్లకు, 1938లో, పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ అనే ప్రదర్శన తర్వాత నాంపల్లి మైదానానికి చేరి, దేశం నలుమూలల చేతిపనిని ఏటా మన గుమ్మం దగ్గరికి తెస్తోంది. అక్కడ కశ్మీరు శాలువా కొంటాం, లక్నో చికన్ కొంటాం. అవి ఎలా పుడతాయో తెలుసుకోకుండానే బేరమాడి ఇంటికొస్తాం. నేనూ అలాగే చేశాను. ఒక్క అరచేతి వెడల్పు లేసు అల్లాక మాత్రం బేరమాడటానికి నోరు రావడం లేదు. నలుగురూ కూర్చుని పని నేర్చుకుంటే, చేసేవాళ్లకు న్యాయమైన ధర ఇచ్చే చేతులు కూడా పెరుగుతాయని నా గట్టి నమ్మకం.

తలా ఒక ముక్క తెస్తే ఎంత పని అవుతుందో మన పొరుగునే చూశాం. 2016 జనవరిలో చెన్నైలో దేశవిదేశాల మహిళలు అల్లి పంపిన చదరాలన్నీ కలిపి 11 వేల చదరపు మీటర్లు దాటిన దుప్పటి పరిచారు. గిన్నిస్ రికార్డు వచ్చింది. ఆ తర్వాత దాన్ని విడదీసి, అవసరంలో ఉన్నవాళ్లకు దుప్పట్లుగా పంచారు. మాకు రికార్డుల ఆశ లేదు. ఈ చలికాలానికి ఇరవై బొంతలు కుట్టి, నాంపల్లి స్టేషన్ బయట రాత్రిళ్లు పడుకునేవాళ్లకు ఇవ్వాలన్నది మా ఆశ. ఇప్పటికి నాలుగయ్యాయి.

కాబట్టి మిమ్మల్ని అడిగేవి ఇవి.

మొదటిది: మీ ఇంట్లో పని తెలిసిన పెద్దవాళ్లుంటే తీసుకురండి. కళ్లు కనిపించవు, చేతులు వణుకుతాయి అని వాళ్లు మొహమాటపడతారు. నోటితో చెప్పినా చాలు, మేం చేస్తాం. గొంగడి నేసే కుటుంబాల్లో ఉన్ని వడికిన అవ్వలు, తండాల్లో అద్దాలు, ముక్కలు కుట్టిన అమ్మలు ఈ ఊళ్లో పిల్లల దగ్గర ఉంటున్నారు. వాళ్ల పని మాలో ఎవరికీ రాదు. వచ్చి నేర్పితే మా అదృష్టం.

రెండోది: ఎగ్జిబిషన్ మైదానంలోని వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అమ్మాయిలూ, మీరు రండి. అబ్బాయిలు కూడా రావచ్చు. రాట్నానికి ఆడా మగా తేడా తెలియదు.

మూడోది: దర్జీ అన్నలూ, కత్తిరించగా మిగిలిన నూలు బట్ట ముక్కలను చెత్తబుట్టలో వేయకండి. ఒక సంచిలో వేసి ఉంచితే శనివారం సాయంత్రం మేమే వచ్చి తీసుకుంటాం. పాత నూలు చీరలు, లుంగీలు ఉతికి ఇస్తే ఇంకా మంచిది. అటక మీద మూలన పడ్డ రాట్నం ఉంటే, కదురు వంగినా సరే, దించండి. బాగుచేయించుకుంటాం.

నాలుగోది: మా వరండాలో పదిహేనుమంది కంటే ఎక్కువ పట్టరు. పాతికమంది కూర్చునే చోటు, మంచి వెలుతురు, పెద్దవాళ్లకు రెండు కుర్చీలు వారానికి రెండు గంటలు ఇవ్వగలిగిన పెద్దమనసు ఎవరికైనా ఉంటే చెప్పండి. పని ముగిశాక ఊడ్చి, శుభ్రం చేసి అప్పగిస్తాం.

రావడం కష్టం కాదు. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి రావచ్చు. ఆదివారం పదికి పది నిమిషాల ముందు, మార్కెట్ గడియారం గోపురం కింద, ఎర్ర ఊలు ఉండ పట్టుకుని మాలో ఒకరు నిలబడి ఉంటారు. ఆ ఉండ చూసి పలకరించండి. వట్టి చేతులతో వచ్చినా ఫరవాలేదు. అయిదో బొంతకు ఒక అంచు ఇంకా కుట్టాలి. ఖాలా పక్కన కూర్చుంటే, సూదిలోకి దారం ఎక్కించి ఆమే మీ చేతికిస్తుంది.