తపాలా ఖర్చులు ప్రత్యేకము

బెల్లంపల్లి బొగ్గుగనుల ఊరు. కాజీపేట–బలార్షా రైలుమార్గముమీద బొగ్గుబండ్లు సాగిపోవుటను చూచుచు పెరిగిన ఈ యూరివారికి అర్థశాస్త్రములోని యొక సూత్రమును ఎవరును నేర్ప నక్కరలేదు. గనియొద్ద బొగ్గు ధర వేరు. కొనువాని కొలిమియొద్ద దాని ధర వేరు. నడుమ నున్నది రవాణా. సింగరేణి సంస్థ నేడు తన బొగ్గులో కొంతభాగమును ఎలక్ట్రానిక్ వేలమున అమ్ముచున్నది. ఆ వేలమున పాడు వర్తకుడు లారీ కూలియో, రైలు కిరాయియో ముందుగా లెక్కకట్టుకొని, ఆ పిమ్మటనే నోరు తెరచును.

ఆ వేలమే యిప్పుడు ఇంటింటికిని వచ్చినది. ఉద్యోగ విరమణ చేసిన గనికార్మికుడు ఇంట మూలబడిన వాల్వు రేడియోనో, నిజాము రాజ్యపు తపాలా బిళ్ళలనో సెల్‌ఫోనుతో ఫొటో తీసి వాట్సాపు బృందములో వేలమునకు పెట్టవచ్చును. చెన్నపట్టణమునుండి యొకడు, గౌహతినుండి మరియొకడు పాట పెంచవచ్చును. మారుమూలవాని సరకు దేశమంతటి బజారును చూచుట మెచ్చదగినదే. కాని యిచ్చట నొక చిక్కు కలదు. వస్తువు ధరను పదిమంది పోటీ తేల్చును. రవాణా ఖర్చును విక్రేత యొక్కడే తేల్చును. పోటీలేని చోటనే అన్యాయము చాప పరచుకొని కూర్చుండును.

ఇది క్రొత్త తెగులు కాదు. "వెల ఒక రూపాయి, తపాలా ఖర్చులు ప్రత్యేకము" అను ప్రకటనలు మన పూర్వపు పత్రికల పాఠకులకు చిరపరిచితములు. ఆ "ప్రత్యేకము" ఎంతయో వి.పి. కట్టతో పోస్టుమాను గుమ్మమున నిలిచినప్పుడుగాని తెలిసెడిది కాదు. అంతర్జాతీయ వేలములలో పేరొందిన ఈబే యందును ఇదియే జరిగినది. ఆ సంస్థ తన రుసుమును పాట ధరమీదనే తీసికొను దినములలో, కొందరు విక్రేతలు వస్తువును కానికి పెట్టి లాభమంతయు రవాణా ఖర్చులో దాచిరి. తుదకు 2011లో అమెరికాలో ఆ సంస్థ రవాణా ఖర్చుమీదను రుసుము విధింపవలసివచ్చెను.

కొనువాడు మాత్రము మోసపోవునా యని యడుగవచ్చును. 2006లో తంజిమ్ హుస్సేన్, జాన్ మోర్గన్ అను ఆర్థికవేత్తలు ఈబే వేలములలో తాము జరిపిన పరీక్షల ఫలితములను ప్రకటించిరి. ఒకేరకపు వస్తువులను, ప్రారంభధర తగ్గించి రవాణా పెంచి కొన్నిమారులు, అందుకు విరుద్ధముగా కొన్నిమారులు అమ్మి చూచిరి. రవాణా ఖర్చు మితిమీరనంతవరకు మొదటి రీతియందే రాబడి ఎక్కువ వచ్చినది. మనుష్యుని కన్ను మొదటి అంకెమీద నిలుచును, రెండవదానిని జారవిడుచును. దీనిని చదివి "అట్లయిన దాచుటయే లాభము గదా!" యనువారు కలరు. పరుని ఏమరుపాటు మన మూలధనము కారాదని మా సమాధానము.

మరి న్యాయమైన ఖర్చు ఏది? అందరికిని ఒకే రేటు పెట్టిన చాలునా? ఉత్తరము విషయమున చాలును. దానిని మోయుటకంటె, లెక్కించి పంచుటకే ఖర్చెక్కువ యని రోలండ్ హిల్ నిరూపించెను. ఆ న్యాయముమీదనే ఇంగ్లండులో 1840లో, మనదేశమున 1854లో దూరముతో పనిలేని తపాలా రేటు వచ్చినది. కావున తపాలా బిళ్ళల కవరుకు ఒకే రేటు తగును. రేడియోకు తగదు. స్వతంత్ర భారతమున ఉక్కు, సిమెంటు దేశమంతటను ఒకే ధరకు దొరకవలెనని రవాణా ఖర్చును సమము చేసిరి. 1990ల ఆరంభమువరకు నడచిన ఆ పద్ధతివలన గనులున్న ప్రాంతములు తమ సామీప్యపు లాభమును కోల్పోయినవి. గౌహతి ఖర్చునే అందరికిని విధించు విక్రేత మంచిర్యాలవానికి చేయునది ఆ యన్యాయమే.

కర్తవ్యము కష్టమైనది కాదు. వస్తువును కట్టిన పిమ్మట తూచవలెను, కట్టకముందు కాదు. పలు కొరియరు సంస్థలు బరువుతోపాటు పరిమాణమును గూడ చూచును. పొడవు, వెడల్పు, ఎత్తుల సెంటీమీటర్లను హెచ్చించి 5000తో భాగించి, వచ్చినది అసలు బరువుకంటె ఎక్కువైన దానికే కూలి కట్టును. 50, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలోని అయిదు కిలోల రేడియో వారి లెక్కలో తొమ్మిది కిలోలు! ఇది యెరుగని విక్రేత తానే నష్టపోవును. అట్టపెట్టెకు, కట్టు శ్రమకు వెల యడుగుట తప్పు కాదు. చెప్పక యడుగుటయే తప్పు. రెండు వస్తువులు ఒక్కకట్టలో పోవునప్పుడు రెండు కూలులు పుచ్చుకొనుట దొంగతనమునకు దగ్గరిచుట్టము.

కౌటిల్యుడు పణ్యాధ్యక్షుని ప్రకరణమున సుంకము, దారిపన్ను, రేవుకూలి, బత్తెము మున్నగునవి తీసివేసిన పిమ్మటనే లాభమును చూడుమనెను. ఖర్చు ఖర్చే, లాభము లాభమే. మన ప్రభుత్వపు 2020 నాటి ఈ-కామర్సు నియమములును తపాలా, చేరవేత ఖర్చులతో కూడిన మొత్తము ధరను విడివివరములతో చూపుమనుచున్నవి. తొలుత కొంత చూపి తుదకు పెంచు పద్ధతిని 2023 నాటి మార్గదర్శకములు మోసపు పద్ధతులలో చేర్చినవి.

అయినను వాట్సాపు బృందపు పాటలో తనిఖీదారు లేడు. అచ్చట విక్రేత మాటయే తక్కెడ. పాట మొదలుకాకముందే ఏ యూరికి ఎంతయో వ్రాసి పెట్టుడు. ఖర్చు తగ్గిన మిగులు తిరిగి పంపుడు. తూనికలో దుమ్ము కలిసిన బొగ్గును ఈ యూరివా రెన్నడును మెచ్చరు. తపాలా కూలిలో లాభము కలుపుటయు అట్టిదే.