నిరీక్షణ దినాలు

డిసెంబరు వచ్చినదంటే మన క్రైస్తవ కుటుంబాలలో సందడే సందడి. గోడలకు సున్నం, పిల్లలకు కొత్తబట్టలు, గుమ్మానికి నక్షత్రదీపం, వంటింట్లో పిండివంటలు. ఇవన్నీ ఉండవలసినవే. కాని పండుగకు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను సంఘం ఆగమన కాలమని వేరుగా ఏర్పరచినది మనసును సిద్ధం చేసికోవడానికి. నవంబరు 30వ తేదీకి సమీపాన వచ్చే ఆదివారంతో అది మొదలవుతుంది.

మన తెలుగు బైబిలులో ఆశను తెలిపే మాట ‘నిరీక్షణ’. వాడుకలో ఆ మాటకే ఎదురుచూపు అని అర్థం. ఆశ ఉన్నవాడే ఎదురుచూడగలడు గదా! అయితే ఆ ఆశ వాడిపోకుండా ఉండాలంటే మొక్కకు పోసినట్లు రోజూ కాసిని నీళ్లు పోయవలెను.

1839లో జర్మనీ దేశంలోని హాంబర్గు నగరంలో వీఖెర్న్ అనే బోధకుడు దిక్కులేని పిల్లలకు ఒక ఆశ్రమం నడుపుతుండేవాడు. క్రిస్మసు ఎప్పుడని పిల్లలు రోజూ అడుగుతూంటే, ఆయన ఒక బండిచక్రం మీద కొవ్వొత్తులు అమర్చి, రోజుకొకటి చొప్పున వెలిగించసాగినాడు. మామూలు రోజులకు చిన్న ఎర్రవి, ఆదివారాలకు పెద్ద తెల్లవి. ఈనాడు చాలా దేవాలయాలలో వారానికొకటిగా వెలిగించే నాలుగు కొవ్వొత్తులకు మూలం అదే.

కొవ్వొత్తులు లేకపోయినా మనకొక మంచి ఉపాయమున్నది. లూకా సువార్తలో 24 అధ్యాయాలు. డిసెంబరు 1వ తేదీ మొదలు రోజుకొకటి చదివితే పండుగ ముందునాటికి పూర్తి అవుతుంది. కన్నడమో, అరవమో, ఒరియాయో బడిలో చదివే మన పిల్లలు చాలామందికి తెలుగు మాట వచ్చును గాని అక్షరం రాదు. కనుక అమ్మమ్మో, తాతగారో తెలుగులో బిగ్గరగా చదవాలి. పిల్లలు కూర్చుని వినాలి.

మొదటి రోజునే జెకర్యా, ఎలీసబెతు దంపతులు కనబడతారు. బిడ్డకోసం ఎదురుచూచి ముసలివారైనవారు. రెండవ రోజున అన్న అనే వృద్ధురాలు. ఏడేండ్లే కాపురం చేసి భర్తను పోగొట్టుకొన్నది; ఉపవాస ప్రార్థనలతో దేవాలయంలోనే కాలం గడిపినది; చివరకు శిశువును కన్నులారా చూచినది. ఈ ఏడు ఇంట్లో ఒక మనిషి తక్కువైనవారు ఆ అధ్యాయాన్ని నిదానంగా చదువుకోవాలి. నవ్వు రాకపోతే తెచ్చిపెట్టుకోనక్కరలేదు. అన్న కూడా దుఃఖంలోనుంచే ఎదురుచూచినది.

మూడవ రోజున యోహాను వస్తాడు. రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వాలన్నది ఆయన ఉపదేశం. ఆనాటినుంచి అత్తెసరుకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు వేరే డబ్బాలో వేయండి. ఆ పని పిల్లల చేత చేయిస్తే మరీ మంచిది. పండుగ ముందురోజున ఆ బియ్యం, పెట్టెలో ఊరకే ఉన్న ఒక మంచి బట్ట, ఇరుగుపొరుగున లేనివారింటికి చేర్చండి. వారిది ఏ మతమని చూడనక్కరలేదు.

పని ఒత్తిడిలో ఒకరోజు చదువు తప్పవచ్చును. అందుకు మానివేయకండి. మరునాడు రెండధ్యాయాలు చదివితే సరిపోతుంది.