మర్చిపొమ్మనడం సాయం కాదు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేల మందికి పైగా పోయారు. వాళ్లలో మా ఇంటివాళ్లూ ఉన్నారు. అమ్మ, పిన్ని ఒకే తుమ్మచెట్టును కరుచుకుని బతికి బయటపడ్డారు. ముళ్లు దిగిన మచ్చలు ఇద్దరి చేతుల మీదా ఇంకా ఉన్నాయి.

కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అమ్మ ధైర్యస్థురాలైన మాట నిజమే. 1990 మే తుపానులో కదలనని మొండికేసిన ముసలివాళ్లను కసిరి మరీ షెల్టరుకు నడిపించింది. పిన్నికి మాత్రం ఈదురుగాలి మొదలైతే ఈనాటికీ ముద్ద దిగదు. పాసుపుస్తకం, రేషన్ కార్డు ప్లాస్టిక్ కవరులో చుట్టి నడుముకు కట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది.

ఇద్దరూ చూసింది ఒకే రాత్రి. ఆ తర్వాతే దారులు వేరయ్యాయి. అమ్మ ఊళ్లోనే ఉండిపోయింది. కొత్త ఇళ్లకు ఇటుకలు మోస్తూ, పోయినవాళ్లను తలుచుకుని ఆడవాళ్లంతా కలిసి ఏడ్చేవాళ్లు. పిన్నిని ఏడాది తిరక్కుండానే దూరపు ఊరికిచ్చి పెళ్లి చేశారు. ఆ ఊసెత్తితే చాలు, "అవన్నీ ఇప్పుడెందుకమ్మా, మర్చిపో" అనేవాళ్లు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాటతో పిన్ని నోరు మూతపడింది.

తోడు ఉండటం ఎంత తేడా తెస్తుందో పరిశోధనలూ చెబుతున్నాయి. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల జీవితాలను మనస్తత్వవేత్త ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంటి గొడవల మధ్య పుట్టి పెరిగినవాళ్లలో మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. నమ్మకంగా చేరదీసిన పెద్దదిక్కు ఒక్కరైనా ఉండటం అందుకు ముఖ్యమైన కారణాల్లో ఒకటని తేలింది.

అలాంటి దిక్కు ఇప్పటి వరద బాధితులకూ కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. వరద తీశాక పాడైన బండ్లు, సామాన్లు లెక్క రాసుకున్నాం. నిద్రపట్టనివాళ్లనూ అలాగే లెక్కలోకి తీసుకోవాలి. ఆశా కార్యకర్తలకు శిక్షణ, అదనపు వేతనం ఇచ్చి, ముంపు ఇళ్లకు కనీసం ఏడాది పాటు పంపాలి. అవసరమైనవాళ్లను మానసిక వైద్యుల దగ్గరకు చేర్చాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416ను సాయంగా ఇచ్చే ప్రతి బియ్యం సంచి మీదా అచ్చువేయాలి.

1990 తుపాను కూడా దాదాపు 1977 నాటి తుపానంత బలమైనదే. అయినా లక్షల మందిని ముందే తరలించడంతో మృతులు వెయ్యి లోపే ఉన్నారు. ప్రాణాలు కాపాడటం నేర్చుకున్న ప్రభుత్వానికి, ప్రాణాలతో మిగిలినవాళ్లను చూసుకోవడం చేతకాని పనేమీ కాదు.