కుక్కకు రేడియం

"గాడి నంబర్ హేళమ్మా" అన్నాడు నంబర్ ప్లేట్లు, స్టిక్కర్లు కోసే షాపాయన. "గాడిగల్ల అణ్ణ, నాయిగె" అన్నాను. బండికి కాదన్నా, కుక్కకి. ఆయన కత్తెర పక్కన పెట్టి, నన్నొకసారి ఎగాదిగా చూసి గట్టిగా నవ్వేశాడు. నవ్వితే నవ్వాడు గానీ రెండు మీటర్ల టేపు మాత్రం సరిగ్గా కొలిచి ఇచ్చాడు. ఎనభై రూపాయలు.

మా కుక్క పేరు కరియ. పేరు పెట్టింది నాన్న కాబట్టి కన్నడం. తిట్టేది అమ్మ కాబట్టి తిట్లన్నీ తెలుగులో. కరియ అంటే నల్లోడు. నిజంగానే తోక చివరిదాకా ఒక్క తెల్ల వెంట్రుక లేదు. పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం ఏడున్నరకి వాణ్ణి నడిపిస్తున్నా. జిగణి రోడ్లు మీలో కొందరికైనా తెలుసు కదా. గ్రానైట్ బండలు మోసే లారీలు, కంపెనీ బస్సులు, షిఫ్ట్ దిగి వచ్చే బైకులు. మా దారిలో ఉన్న అయిదు దీపాల్లో వెలిగేవి రెండు. నేను రోడ్డుకి ఈ పక్కన మట్టిలో ఉన్నా. తాడు పొడుగ్గా వదిలేశా. కరియ ఏదో వాసన పట్టి తారు మీదికి పోయాడు. బైకొచ్చింది. వాడి వెనక కాలు విరిగింది. బైకు అబ్బాయి కూడా పడ్డాడు, మణికట్టు వాచిపోయింది.

నేను తిట్టడానికి నోరు తెరిచే లోపే అతను "దిఖా నహీ మేడం" అన్నాడు. కనబడలేదంట! అందరూ చెప్పే అబద్ధమే కదా అనుకున్నా. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు అదే కోపం. మూడో రోజు రాత్రి నాన్న బండి వెనక కూర్చుని అదే మలుపు దగ్గరకొచ్చినప్పుడు ముందుకి చూశా. డిమ్ లైటులో నల్ల తారు, దాని మీద నల్ల కుక్కలు. ఒకటి పడుకుని ఉంది, పక్కనుంచి దాటేశాక గానీ అది కుక్కని నాకు తెలియలేదు. అతను చెప్పింది నిజం.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి (లెక్కలు వదిలించుకుందామనే ఆర్ట్స్ తీసుకున్నా, అయినా!). గంటకి 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని గుర్తుపట్టి బ్రేకు మీద కాలెయ్యడానికే సెకను పైన పడుతుంది. అప్పటికి బండి మన క్లాసు గది పొడవు దాటిపోయి ఉంటుంది. ఆగడం మొదలయ్యేది ఆ తర్వాత. కుక్క కళ్ళు మెరుస్తాయి కదా అంటారు. మెరుస్తాయి, కుక్క బండి వైపు చూస్తే. చెత్తకుప్పలో ముక్కు పెట్టిన కుక్క ఎవరి వైపూ చూడదు.

మనందరం రేడియం అనే ఈ టేపులో రేడియం లేదు. అసలు రేడియం ఒకప్పుడు గడియారాల అంకెలకి పూసేవారు. అమెరికాలో 1917 ప్రాంతంలో ఆ పని చేసిన అమ్మాయిలు, మన వయసు వాళ్ళే, కుంచె మొన పదునుగా ఉండాలని పెదాలతో తడిపేవారు. అలా ఆ విషం ఒంట్లోకి పోయి ఎందరో చచ్చిపోయారు. ఆ పేరు మన స్టిక్కర్లకి అంటుకుని ఉండిపోయింది, అంతే. మన టేపు తనంతట తాను వెలగదు. అందులోని సన్నటి గాజు పూసలో, పట్టకాల్లాంటి గళ్ళో పడ్డ వెలుతుర్ని వచ్చిన వైపుకే తిప్పి పంపుతాయి. అందుకే పక్కనుంచి చూసే నాకు అది ఉత్త బూడిదరంగు పట్టీ, హెడ్‌లైట్ వెనక కూర్చున్నవాడికి మాత్రం తెల్లటి మంట. వెలుతురు పడని మలుపులో ఇది దండగ. అక్కడికి చార్జ్ చేసుకునే లైటు బెల్టో, చేతిలో టార్చో కావాలి.

ఎక్కడ కట్టాలన్నది నేను తప్పు చేసి నేర్చుకున్నా. మొదట మెడకే కట్టా. బొచ్చు కుక్కలకి అది బొచ్చులో మునిగిపోతుంది. కరియలాంటి పొట్టి వెంట్రుకల వాడికి కూడా తల వంచితే కనిపించదు. ఇప్పుడు ఛాతీ బెల్టుకి రెండు పక్కలా కుట్టా. తాడుకి కూడా చుట్టా, ఎందుకంటే మనిషి ఇక్కడ, కుక్క అక్కడ, మధ్యలో కనబడని తాడు ఉంటే బైకువాడి మెడకే ప్రమాదం. ఫుట్‌పాత్ లేని చోట ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కన నడుస్తూ, కుక్కని రోడ్డు వైపు కాకుండా లోపలి వైపు పట్టుకోవాలి.

మా అమ్మమ్మ మాత్రం "మెరిసేది కట్టి చిరుతకి దారి చూపిస్తావా?" అని గొడవ. భయం ఉత్తిది కాదు. బన్నేరుఘట్ట అడవి మాకు పక్కనే, 2023లో చిరుత కూడ్లు గేట్ దాకా వచ్చేసింది. మహారాష్ట్రలో అకోలే దగ్గర విద్యా ఆత్రేయ బృందం పరిశోధించి 2014లో ప్రచురించిన దాని ప్రకారం అక్కడి చిరుతల తిండిలో, బరువు లెక్కన, 39 శాతం కుక్కలే. కానీ చీకట్లో చూడగలిగే చిరుతకి టేపు ఎందుకు? చూడలేనిది మనిషి. చిరుత భయానికి మందు వేరే ఉంది. అడవి అంచుకి పోకపోవడం, తాడు పొట్టిగా పట్టుకోవడం, రాత్రి కుక్కని బయట కట్టెయ్యకపోవడం. అయినా ఇదే అమ్మమ్మ, మదనపల్లె సంతకి పోయే ఎద్దులబండి ఇరుసు కింద లాంతరు వేలాడదీసేవారని కథలు కథలుగా చెప్తుంది. ఆ లాంతరు ఎద్దులకి దారి చూపించడానికి కాదు కదా, బండి ఉందని ఎదుటివాడికి చెప్పడానికి.

ఇంటి కుక్కకి మనముంటాం. వీధి కుక్కకి? పుణేలో ఇంజనీరుగా పనిచేస్తున్న రోజుల్లో శంతను నాయుడు రోడ్డు మీద చచ్చిపడిన కుక్కని చూసి, స్నేహితులతో కలిసి పాత జీన్స్ ప్యాంట్లు అడిగి తెచ్చి, వాటితో మెరిసే మెడపట్టీలు కుట్టి వీధి కుక్కలకి కట్టాడు. దానికి మోటోపాస్ అని పేరు. ఆ పని గురించి రాసిన ఉత్తరమే అతన్ని రతన్ టాటా దగ్గరికి చేర్చింది. అందరూ ఆ స్నేహం కథే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ పాత జీన్స్ నచ్చాయి. మన దగ్గర లేవా పాత జీన్స్? ఒక్క జాగ్రత్త, రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. ఎదిగే కుక్కపిల్లకి అసలు కట్టకూడదు, పట్టీ మెడలోకి కోసుకుపోతుంది.

దీపాలు బాగుచెయ్యమని అడక్కుండా కుక్కలకి పట్టీలేమిటని మా క్లాసులోనే ఒకరన్నారు. అడిగా, మళ్ళీ అడుగుతా. దీపం వచ్చేదాకా కరియ ఆగడు, రోజూ ఏడుకి తలుపు దగ్గర నిలబడతాడు.

నాకు అసలు చిక్కు వేరే చోట వచ్చింది. కరియకి ఇంత చేసి, నేను మాత్రం నల్ల చున్నీ కప్పుకుని వెళ్తున్నా. "చీకటి పడ్డాక ఎవరి కంటా పడకుండా పోయి రా" అని అమ్మ చెప్పే మాట. మీ ఇళ్ళలోనూ ఇదే మాట అని నాకు తెలుసు. కంట పడకపోతే క్షేమమని చెప్పినవాళ్ళు లారీని లెక్కలో వేసుకోలేదు. మా దారిలో గార్మెంట్ ఫ్యాక్టరీ అక్కలు షిఫ్ట్ వదిలాక గుంపుగా నడుస్తారు, అందరివీ ముదురు రంగు స్వెట్టర్లే. పక్క కంపెనీల్లో గేటు లోపల మెరిసే జాకెట్ వేసుకోకపోతే ఒప్పుకోరు. గేటు దాటగానే అది విప్పి లోపలే పెట్టి, అంతకంటే ప్రమాదమైన రోడ్డు మీదికి మామూలు బట్టల్లో వస్తారు. ఆ జాకెట్ ఇంటిదాకా వేసుకుని పోనిస్తే కంపెనీకి పోయేదేముంది?

మిగిలిన టేపు నా బ్యాగుకి, చెప్పుల మడమలకి అంటించా. "ఇంత మెరుస్తూ పోతే అందరూ నిన్నే చూస్తారు" అంది అమ్మ. చూడాలనే కదా అన్నా. ఒప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత తన కూరగాయల సంచి వెనక ఒక ముక్క అంటించి ఉంది, వంకరగా. నేనేమీ అనలేదు.